మూడో కన్నం వెనక ఏముంది?

ఇది నా తప్పు గురించి రాస్తున్న మాట. చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది. అయినా చెప్పుకుంటే మీలో ఒకరిద్దరైనా జాగ్రత్తపడతారని రాస్తున్నాను.

మేముండేది విజయవాడలో అద్దె ఇల్లు. వారానికి రెండుసార్లు ఇడ్లీపిండి, దోసెలపిండి రుబ్బుకోవడం, రుబ్బాక గ్రైండరు కడగడం మామూలే. కడిగేది మా ఇంట్లో పనిచేసే ఆవిడ. ఒకరోజు "అమ్మగారూ, గ్రైండరు ముట్టుకుంటే చెయ్యి జిల్లుమంటోందండీ" అంది. నేను వెళ్ళి దాని స్టీలు ఒంటిమీద చెయ్యేసి చూశాను. ఏమీ లేదు. "తడి చేత్తో ముట్టుకోకు, అంతే" అన్నాను. వారం పోయాక మళ్ళీ అదే మాట. మళ్ళీ చెయ్యేసి చూశాను. మళ్ళీ ఏమీ లేదు. "అంతా నీ భయమే" అని నవ్వేశాను కూడా.

మూడోసారి ఆవిడ చెప్పలేదు. చెప్పినా వినననుకుని ఉంటుంది. వంటింట్లోంచి గిన్నెలు పడ్డ చప్పుడు, వెంటనే ఓ కేక వినిపించాయి. పరుగెత్తి చూస్తే గోడకి చేరగిలబడి కూర్చుని ఉంది. ముఖం తెల్లగా పాలిపోయింది. కుడిచెయ్యి వణుకుతోంది. కరెంటు పట్టి ఉంచకుండా విసిరికొట్టింది కాబట్టి బతికింది. వెంటనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాం. గుండె పరీక్ష చేసి ఫర్వాలేదన్నాక గానీ నా ప్రాణం కుదుటపడలేదు.

ఆ రాత్రి నా కాళ్ళ వంక చూసుకుంటే అప్పుడర్థమైంది. పాదాల నొప్పులని నేను ఇంట్లో కూడా రబ్బరు చెప్పులతోనే తిరుగుతాను. ఆవిడవి వట్టి కాళ్ళు. కింద కడిగిన నీళ్ళు. నేను ముట్టుకున్నప్పుడు నా చెప్పులు కరెంటుకి దారివ్వలేదు. ఆవిడ ముట్టుకున్నప్పుడు తడినేల దారిచ్చింది. అదే గ్రైండరు, అదే కరెంటు. నాకు తెలియలేదు కాబట్టి లేదనుకున్నాను. రెండుసార్లు నిజం చెప్పిన మనిషిని రెండుసార్లూ అబద్ధం చేశాను.

మర్నాడు పక్కింటి పిన్నిగారు వచ్చారు. ఆవిడ హైస్కూల్లో సైన్సు చెప్పి రిటైరయ్యారు. చేతిలో టెస్టరు, స్క్రూడ్రైవరు ఉన్నాయి. "ముందు మెయిన్ ఆపమ్మా" అన్నారు. నేను బిక్కమొహం వేశాను. ఆ ఇంట్లో ఆరేళ్ళుగా ఉంటున్నాం. మెయిన్ ఎక్కడుందో నాకు తెలియదు. చివరికి హాల్లో తలుపు వెనక, కేలండరు కింద దొరికింది ఆ డబ్బా. లోపల వరసగా ఎనిమిది మీటలు. ఏది వంటింటిదో, ఏది గీజరుదో ఒక్కదాని మీదా రాసి లేదు.

మొత్తానికి అన్నీ ఆపి, టెస్టరుతో చూసుకుని, వంటింటి ప్లగ్గు బోర్డు విప్పారు పిన్నిగారు. "ఇటు రా, చూడు" అన్నారు. ముందునుంచి చూస్తే ప్లగ్గుకి మూడు కన్నాలున్నాయి. వెనక చూస్తే రెండే వైర్లు. మూడో కన్నం స్క్రూ కొత్తదానిలా మెరుస్తోంది. బోర్డు బిగించిన రోజునుంచీ దాన్ని ఎవ్వరూ తిప్పలేదన్నమాట.

ఇంటివారిని అడిగితే ఆయన కోప్పడలేదు, కాదనలేదు. "ఇన్నేళ్ళనుంచీ ఎవరూ అడగలేదమ్మా" అన్నారు. ఆ మాట మాత్రం నన్ను వదల్లేదు. నిజమే కదా! ఇల్లు అద్దెకి చూడబోయినప్పుడు మంచినీళ్ళొస్తాయా అని అడుగుతాం. వాకిలి ఏ ముఖమో అడుగుతాం. గోడకి మేకులు కొట్టుకోవచ్చా అని కూడా అడుగుతాం. ప్లగ్గుల్లో ఎర్తు ఉందా అని మాత్రం ఎవరం అడగం.

అసలు ఆ మూడో కన్నం పనేమిటి? పై కన్నం మిగతా రెండింటికన్నా పెద్దదిగా ఉంటుంది, చూశారా? అది ఎర్తు. మన ఎదురుగా చూస్తే కింద కుడివైపుది ఫేజు, ఎడమవైపుది న్యూట్రల్. ఫేజులో కరెంటు వస్తుంది, న్యూట్రల్‌లో తిరిగి వెళుతుంది. ఎర్తుకి మామూలు రోజుల్లో పనే లేదు. గ్రైండరు లోపల మోటారులోకి నీళ్ళు దిగి కరెంటు పై రేకుకి పాకిందనుకోండి, అప్పుడు అది మన ఒంట్లోంచి కాకుండా ఆ వైరు గుండా నేలలోకి పోతుంది. ప్లగ్గు పిన్నుల్లో ఎర్తు పిన్ను పొడుగ్గా ఉండడానికీ కారణముంది. దూర్చేటప్పుడు అందరికన్నా ముందు అదే తగలాలి, తీసేటప్పుడు అందరికన్నా ఆఖర్న అదే వదలాలి. ఇంత ఆలోచించి పెట్టిన పిన్నుని మనమేం చేస్తాం? బిగుతుగా ఉందని విరగ్గొట్టేస్తాం. లేదా రెండు పిన్నుల అడాప్టరు తగిలించి "పనిచేస్తోందిగా" అనుకుంటాం. పనిచేస్తుంది. ఎర్తు లేకపోయినా గ్రైండరు తిరుగుతుంది, ఫ్రిజ్ చల్లబడుతుంది, వాషింగ్ మెషిన్ ఉతుకుతుంది. అందుకే అది లేదని ఏళ్ళ తరబడి తెలియదు.

"అవన్నీ నీకెందుకు, ఆదివారం నేను చూస్తాగా" అనే మావారి మాట నాకు ఎప్పుడూ హాయిగానే ఉండేది. మనలో చాలామందికి అంతే. చిన్నప్పుడు స్విచ్చి దగ్గరికి వెళితే "షాక్ కొడుతుంది, ఇటు రా" అని లాగేసిన అమ్మమ్మలు తమ్ముణ్ణీ అలాగే లాగారు. కానీ వాడికి పద్నాలుగేళ్ళొచ్చేసరికి ఫీజు కట్టడం నేర్పారు. మనకి నేర్పలేదు. ఆ తర్వాత రోజంతా వంటింట్లో మిక్సీ, గ్రైండరు, ఇండక్షన్ పొయ్యి, ఐరన్ బాక్సు, గీజరు స్విచ్చీల దగ్గర తడిచేతులతో తిరిగేది మాత్రం మనమే! ప్రమాదం మన దగ్గరుండి, తెలివి ఇంకొకరి దగ్గరుంటే ఏం లాభం?

అలాగని ఇల్లాళ్ళందరూ గోడలు తవ్వి వైరింగు చేయమనడం లేదు. చట్టమే ఒక గీత గీసింది. 1956 నాటి భారత విద్యుత్ నియమాల్లోనూ, ఆ తర్వాత వచ్చిన కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ నిబంధనల్లోనూ ఒకే మాట ఉంది. వైరింగు పనులు లైసెన్సున్న కాంట్రాక్టరే చేయాలి. కానీ 250 వోల్టులకి మించని చోట బల్బులు, ఫ్యాన్లు, ఫ్యూజులు, స్విచ్చీలు పాతవి తీసి అలాంటివే కొత్తవి పెట్టుకోవడానికి మినహాయింపు ఇచ్చారు. మన ఇళ్ళకొచ్చేది 230 వోల్టులు. అంటే పాడైన స్విచ్చిని అదే సామర్థ్యమున్న స్విచ్చితో మార్చుకోవడం ఇంటి పనే. కొత్త పాయింటు లాగడం, ఎర్తు వైరు వేయడం, చిన్న ప్లగ్గుని పెద్ద ప్లగ్గుగా మార్చడం మాత్రం ఎలక్ట్రీషియను పని.

ముందు జబ్బు గుర్తుపట్టడం నేర్చుకుందాం. మంచి స్విచ్చి టక్కుమని పడుతుంది, టక్కుమని లేస్తుంది. మధ్యలో ఆగిపోతున్నా, వేసినప్పుడు చిటపటలాడినా, లైటు మినుకుమినుకుమన్నా లోపల ఏదో వదులైందని అర్థం. ప్లగ్గు తీశాక పిన్నులు వేడిగా ఉంటే, కన్నాల చుట్టూ గోధుమరంగు మచ్చ పడితే, కాలిన ప్లాస్టిక్ వాసన వస్తే ఆ ప్లగ్గుని ఆ క్షణంనుంచీ వాడకూడదు. "ఇంకో రెండ్రోజులు నడుస్తుందిలే" అనుకోవద్దు. స్క్రూ వదులైన చోట కరెంటు ఇరుకుదారిలో దూరినట్టు అవుతుంది. అక్కడ వేడి పుడుతుంది. వేడికి స్క్రూ ఇంకా వదులవుతుంది. అలా తనంతట తానే పెరిగే జబ్బు అది.

వేడెక్కడానికి ఇంకో కారణం మన లెక్క తప్పడం. చిన్న ప్లగ్గు 6 ఆంపియర్లది, పెద్దది 16 ఆంపియర్లది. వస్తువు మీద రాసిన వాట్లని 230తో భాగించండి, ఎన్ని ఆంపియర్లు లాగుతుందో తెలుస్తుంది. 750 వాట్ల మిక్సీకి 3 చిల్లర. 1,000 వాట్ల ఐరన్ బాక్సుకి 4 చిల్లర. 2,000 వాట్ల గీజరుకీ, ఇండక్షన్ పొయ్యికీ దాదాపు 9. ఆ తొమ్మిదిని అడాప్టరు పెట్టి ఆరు ఆంపియర్ల ప్లగ్గులో దూరిస్తే కాలక ఏమవుతుంది? ఒకే ఎక్స్‌టెన్షన్ బాక్సుకి ఐరన్ బాక్సూ, మిక్సీ, రైస్ కుక్కరూ తగిలించినా అంతే. చీటీపాటలో కసరు లెక్క నోటితో కట్టే మనకి ఇదొక లెక్కా!

ప్లగ్గు పనిచేయకపోతే కంగారుపడి బోర్డు విప్పక్కర్లేదు. ఆ వస్తువుని ఇంకో ప్లగ్గులో పెట్టి చూడండి. అక్కడా పనిచేయకపోతే జబ్బు వస్తువుది. పనిచేస్తే మీటల డబ్బాలో ఏదైనా కిందికి పడిందేమో చూడండి. పడితే ఆ గదిలోని ప్లగ్గులన్నీ ఊడదీసి ఒక్కసారి పైకెత్తండి. నిలబడితే ఒక్కో వస్తువే తగిలించుకుంటూ రండి. ఏది పెట్టగానే మీట పడుతుందో దొంగ అదే. అన్నీ తీసేసినా నిలబడకపోతే జబ్బు గోడలో ఉంది. మళ్ళీ మళ్ళీ ఎత్తకండి, ఎలక్ట్రీషియన్ని పిలవండి. ఇల్లంతా, వీధంతా పోతే 1912కి ఫోను చేయండి. పాత ఇళ్ళలో పింగాణీ ఫీజులు ఇంకా ఉన్నాయి. వాటిలో ఫీజు వైరు బదులు దొరికిన రాగితీగ చుట్టడం ఇంటికి కాపలా కుక్కని కట్టేసి నోరు కూడా మూసేయడం లాంటిది.

టెస్టరు ప్రతి ఇంట్లో ఉండాల్సిన వస్తువు. పొడి చేత్తో, చెప్పులేసుకుని పట్టుకోవాలి. వేలు పైనున్న లోహపు బిళ్ళ మీదే ఉండాలి, కింది పుల్లకి తగలకూడదు. స్విచ్చి వేసినప్పుడు కుడి కన్నంలో వెలగాలి. స్విచ్చి ఆపాక ఏ కన్నంలోనూ నిండుగా వెలగకూడదు. ఆపినా వెలుగుతోందంటే స్విచ్చిని ఫేజులో కాక న్యూట్రల్‌లో కలిపి ఉండొచ్చు. అలాంటిచోట స్విచ్చి ఆపాం కదా అనుకున్నా వస్తువులో కరెంటు ఉంటుంది. ఎర్తు కన్నంలో వెలిగితే ఇక ఆలస్యం లేకుండా కబురు పెట్టాలి. ఒక్క సంగతి గుర్తుంచుకోండి. ఎర్తు కన్నంలో వెలగనంత మాత్రాన ఎర్తు ఉన్నట్టు కాదు. మా ఇంట్లో కూడా వెలగలేదు, అక్కడ వైరే లేదు కాబట్టి! ఎర్తు సరిగా ఉందో లేదో ఎలక్ట్రీషియను చేతే పరీక్ష చేయించుకోవాలి.

ఇక స్విచ్చి మార్చడం. పిన్నిగారు దగ్గరుండి నా చేతే మార్పించారు. ఆవిడ చెప్పిన వరస ఇది. ముందు చేతికున్న లోహపు గాజులు, ఉంగరాలు తీసేయాలి. మంగళసూత్రం వేలాడకుండా జాకెట్టులోకి దోపుకోవాలి, కొంగు బిగించాలి. తలంటుకున్న తడిజుట్టుతో ఆ పని పెట్టుకోకూడదు. ఇంట్లో అందరికీ చెప్పి మెయిన్ ఆపాలి. ఎవరూ మళ్ళీ వేయకుండా డబ్బా మీద కాగితం అంటించాలి. ఇన్వర్టరు ఉంటే దాన్నీ ఆపాలి. మెయిన్ ఆపినా ఇన్వర్టరు లైను బతికే ఉంటుంది, చాలామంది మోసపోయేది అక్కడే. మెయిన్ ఆపకముందు టెస్టరు వెలుగుతోందో లేదో ఒకసారి చూసుకోవాలి, ఆపాక బోర్డు దగ్గర ఆరిపోయిందో లేదో చూడాలి. టెస్టరే పాడైతే ఉన్న కరెంటు కూడా లేనట్టే చూపిస్తుంది మరి.

ఆ తర్వాత బోర్డు స్క్రూలు విప్పి నెమ్మదిగా ముందుకి లాగాలి. లోపలి వైర్లకి కూడా మళ్ళీ టెస్టరు పెట్టి చూడాలి. ఏ వైరు ఎక్కడుందో ఫోనులో ఫొటో తీసుకోవాలి. చాలాసార్లు స్విచ్చి పాడవదు, స్క్రూ వదులవుతుంది. బిగిస్తే సరిపోతుంది. స్విచ్చే పోతే దాన్ని విప్పి షాపుకి పట్టుకెళ్ళి అదే ఆంపియర్లది, ఐఎస్‌ఐ గుర్తున్నది తెచ్చుకోవాలి. పది రూపాయలు తక్కువని గుర్తులేనిది కొనడం పిసినారితనం కూడా కాదు, తెలివితక్కువతనం. వైరు పోగులన్నీ మెలిపెట్టి ఒక్కటి కూడా బయటికి రాకుండా దూర్చి బిగించాలి. మెల్లగా లాగి చూస్తే ఊడకూడదు. బోర్డు మూశాకే మెయిన్ వేయాలి. లోపల వైరు తొడుగు నల్లబడినా, పెళుసుగా విరుగుతున్నా, వైరు పొట్టిదై అందకపోయినా, తడి కనిపించినా అక్కడితో ఆపేసి మూసేయండి. మెయిన్ వేయకుండానే ఎలక్ట్రీషియన్ని పిలవండి. ఎక్కడ ఆపాలో తెలియడం కూడా పని తెలియడంలో భాగమే.

మా ఇంటికి ఎలక్ట్రీషియను వచ్చి వంటింటికి, స్నానాలగదికి ఎర్తు వైరు లాగాడు. ఖర్చు ఇంటివారూ మేమూ చెరిసగం పెట్టుకున్నాం. మీటల డబ్బాలో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ఒకటి పెట్టించాం. "మాకు ఎంసీబీలున్నాయిగా" అనుకునేవాళ్ళు ఈ తేడా తెలుసుకోవాలి. ఎంసీబీ కాపాడేది వైర్లని. 16 ఆంపియర్ల ఎంసీబీ అంతకు మించి లాగితేనే పడుతుంది. మనిషి ఒంట్లోంచి పోయే కరెంటు అందులో ఎన్నో వంతు కూడా ఉండదు, ఆ కాస్తకే ప్రాణం పోతుంది. 9 వాట్ల బల్బు లాగేది సుమారు 40 మిల్లీ ఆంపియర్లు. దానికన్నా తక్కువ కరెంటు దారితప్పినా పసిగట్టి ఇంటి కరెంటుని ఆపేసేది ఆర్‌సీసీబీ. దానికి ఒక పరీక్ష మీట ఉంటుంది. నెలకోసారి నొక్కితే టప్పున పడాలి. పడకపోతే మార్చాలి. నేను ఒకటో తారీఖున పాలబిల్లు కట్టగానే నొక్కుతాను.

అన్నీ బిగించాక పాత గ్రైండర్ని మళ్ళీ ప్లగ్గులో పెట్టి స్విచ్చి వేశాడు ఎలక్ట్రీషియను. టప్పుమని ఇల్లంతా చీకటైపోయింది. ఎవరూ ముట్టుకోకముందే! అన్ని వారాలనుంచీ ఆవిడ చెప్పిన మాట నిజమని ఆ డబ్బా ఒక్క క్షణంలో ఒప్పుకుంది. చదువుకున్న నేను ఒప్పుకోవడానికి ఒక ప్రాణం మీదికి రావాల్సి వచ్చింది.

ఒకవేళ ఎవరికైనా కరెంటు పట్టుకుంటే ఏం చేయాలో ఇంట్లో పిల్లలకి కూడా చెప్పి ఉంచండి. మనిషిని ముట్టుకోకూడదు. ముందు స్విచ్చి గానీ మెయిన్ గానీ ఆపాలి. అది కుదరకపోతే పొడినేల మీద నిలబడి పొడి కర్రతోనో, ప్లాస్టిక్ కుర్చీతోనో విడదీయాలి. వెంటనే 108కి ఫోను చేయాలి. లేచి కూర్చున్నా, "బానే ఉన్నాను" అన్నా డాక్టరుకి చూపించాలి. మెయిన్ ఎక్కడుందో పదేళ్ళ పిల్లాడినుంచి అత్తయ్యగారి వరకు అందరికీ తెలియాలి. ఏ మీట ఏ గదిదో చిన్న కాగితాల మీద రాసి అంటించండి. మా ఇంట్లో కేలండరు ఇప్పుడు వేరే గోడకి మారింది.

పదిరోజులు సెలవు తీసుకుని ఆవిడ మళ్ళీ పనిలోకి వచ్చింది. నేను ఆవిడకి రబ్బరు చెప్పులు కొనిపెట్టాను. "వంటింట్లో చెప్పులేమిటే" అని అత్తయ్యగారు ఒక్కరోజు గొణిగి ఊరుకున్నారు. ఆవిడ చెప్పులు తీసుకుంది, వేసుకుంది. తర్వాత అంది కదా: "చెప్పులు సరేనండీ అమ్మగారూ. నేను ఇంకో మూడిళ్ళలో చేస్తున్నాను. ఆళ్ళక్కూడా ఆ మూడో వైరు ఉందో లేదో చూడమని మీరొకసారి చెప్పరా? నేను చెబితే నవ్వుతారు."

రెండిళ్ళకి వెళ్ళి చెప్పాను. మూడో ఇంటివారు ఊళ్ళో లేరు, రాగానే వెళతాను. మీ ఇంటికి నేను రాలేను కాబట్టి ఇలా రాస్తున్నాను. మీ ఇంట్లో పనిచేసే ఆవిడ కావచ్చు, మీ అత్తగారు కావచ్చు, స్కూలునుంచి వచ్చి చెప్పులు విప్పి ఫ్రిజ్ తెరిచే మీ అమ్మాయి కావచ్చు. "జిల్లుమంటోంది" అని ఎవరైనా అంటే మీ చెయ్యేసి చూసి తేల్చేయకండి. ముందు మెయిన్ ఆపి, ప్లగ్గు ఊడదీసి, ఎలక్ట్రీషియన్ని పిలవండి.